తాను బట్ట నుంచి బానిస ఓడ దాకా: కోరమాండల్ తీరపు జాడను మీరే వెతకడం ఎలా

బందరు అనగానే మనకు లడ్డూ, కలంకారీ గుర్తొస్తాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఆమ్‌స్టర్‌డామ్‌లో, లండన్‌లో, బటావియాలో (ఇప్పటి జకార్తా) ఉన్న వ్యాపారుల నోళ్లలో కూడా బందరు పేరు నానుతూ ఉండేది. వాళ్ల లెక్కల పుస్తకాల్లో మన తీరపు (వాళ్ల మాటలో కోరమాండల్, అంటే ఆంధ్ర, తమిళ తీరం) బట్ట తానుల లెక్కన నమోదైంది. అదే పుస్తకాల్లో, అదే చేతిరాతలో మనుషులు కూడా నమోదయ్యారు. డచ్చి గుమాస్తా తాను బట్టను లెక్కపెట్టేటప్పుడు ‘స్టుక్’ అని రాశాడు. కొని ఓడెక్కించిన మనిషిని లెక్కపెట్టేటప్పుడు కూడా చాలాచోట్ల అదే మాట వాడాడు. మూటలూ పెట్టెలూ చూపించి మనం ‘ఎన్ని శాల్తీలు?’ అని అడుగుతామే, అలాంటి మాట అది. స్పెయిన్ బానిస ఒప్పందాల్లోనైతే ఒడ్డూ పొడుగూ ఉన్న ఒక యువ బానిసకు పెట్టిన కొలమానం పేరే ‘పియెసా దె ఇండియాస్’, అంటే ‘ఇండీస్ పీస్’.

ఆ మాట చూసినప్పటి నుంచి ఈ రెండు చరిత్రలనూ విడివిడిగా చదవడం నాకు చేతకాలేదు. మన పాఠాల్లో చేనేత వైభవం ఒక చోట ఉంటుంది, బానిస వ్యాపారం ఎక్కడో అమెరికా అధ్యాయంలో ఉంటుంది. రెంటినీ కలిపే దారి అసలు రికార్డుల్లోనే ఉంది. దాన్ని మీరే స్వయంగా పట్టుకోవడానికి ఏం చేయాలో వరుసగా చెబుతాను. డిగ్రీ, పీజీ విద్యార్థులకూ, సోషల్ టీచర్లకూ, సొంత ఊరి చరిత్ర రాద్దామనుకునే వాళ్లకూ ఇది పనికొస్తుంది. ఫోనో ల్యాప్‌టాపో ఒకటి, ఒక నోటుబుక్, ఇంగ్లిష్ చదవగలగడం ఉంటే చాలు. డచ్చి భాష రాదని టెన్షన్ పడక్కర్లేదు. అందులో పదో పదిహేనో మాటలు తెలిస్తే మొదలుపెట్టొచ్చు.

1. మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి

‘సామ్రాజ్యాలు, వ్యాపారం, బానిసత్వం’ అని నోటుబుక్ మీద రాసుకుని కూర్చుంటే ఎటూ తేలదు. మన తీరం మీద నిలబడి చూస్తే మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది తూర్పు దారి. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. వాళ్లకు కావలసింది ఇండోనేషియా దీవుల్లోని లవంగం, జాజికాయ, జాపత్రి. అక్కడివాళ్లు వెండి కంటే ఎక్కువగా అడిగింది కోరమాండల్ బట్ట. అందుకే కంపెనీ 1605లో బందరుకు వచ్చింది, 1610లో పులికాట్‌లో దిగింది, 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకుంది. కోరమాండల్ తీరం మొలక్కా దీవులకు (లవంగం పండే ఆ ఇండోనేషియా దీవులకు) ఎడమ చెయ్యి లాంటిదని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో రాశాడు. తర్వాత 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జోన్ కూన్ జాజికాయ పండే బాందా దీవుల మీద పడ్డాడు. అక్కడి జనాభా దాదాపు 15,000 అని అంచనా. చంపినవాళ్లు, ఆకలితో పోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, బానిసలుగా తరలించినవాళ్లు పోగా చాలా కొద్దిమందే మిగిలారు. ఖాళీ అయిన తోటల్లో పని చేయడానికి బయటి నుంచి బానిసలను తెచ్చారు. మన బట్ట ఏ దీవులకు వెళ్లిందో, మన తీరంలో కొన్న మనుషులు కూడా ఆ వైపే వెళ్లారు.

రెండోది పడమటి దారి. మన బట్ట లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వేలంపాటల్లో అమ్ముడై, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేరి, బానిసలను కొనడానికి ఇచ్చే సరుకుగా మారింది. ఇక్కడ ఒక చట్టం కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఇండియా అద్దకపు బట్టల దెబ్బకు తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నారని ఇంగ్లండులో గొడవలు జరిగితే, పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా వాటిని నిషేధించింది. నిషేధం ఇంగ్లండులో వాడకం మీదే. తిరిగి బయటి దేశాలకు పంపడం మీద కాదు. దాంతో లండన్‌లో దిగిన బట్టకు ఆఫ్రికా, అమెరికా మార్కెట్లు ఇంకా ముఖ్యమయ్యాయి. ఇంగ్లిష్ నేతగాళ్లను కాపాడటానికి చేసిన చట్టం మన బట్టను బానిస వ్యాపారంలోకి మరింత నెట్టింది.

మూడోది అన్నిటికంటే దగ్గరిది, మనం అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది. మన తీరపు మనుషులే సరుకైన దారి అది. పులికాట్, నాగపట్నం లాంటి రేవుల నుంచి బటావియాకు, సిలోన్‌కు, దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లిన దారి.

ఒకటే ఎంచుకోండి. తర్వాత ఒక రేవు, ఒక పదేళ్ల కాలం, ఒక వస్తువు లేదా ఒక మనిషి అని ప్రశ్నను కుదించండి. ‘1640ల్లో పులికాట్ నుంచి బటావియాకు మనుషులను ఎందుకు ఎక్కువగా తీసుకెళ్లారు?’ అన్నది పనికొచ్చే ప్రశ్న. ‘డచ్చివాళ్లు మనల్ని ఎలా దోచుకున్నారు?’ అన్నది సభలో మైకు ముందు పనికొస్తుందేమో గానీ రికార్డు ముందు పనికిరాదు.

2. ఊళ్ల పేర్ల పట్టిక తయారు చేసుకోండి

సెర్చ్ పెట్టెలో మచిలీపట్నం అని కొడితే ఏమీ రాదు. అప్పటి గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. మచిలీపట్నం వాళ్ల చేతిలో ‘మసులిపటం’ (Masulipatam) అయింది. పులికాట్, అంటే మన ప్రళయకావేరి, ‘పాలియాకట్టా’ (Paliacatta) అయింది. నిజాంపట్నం ‘పెటపోలి’ (Petapoli) అయింది, ద్రాక్షారామం ‘దాట్జెరామ్’ (Daatzeram) అయింది, కాకినాడ పక్కనే ఉన్న జగన్నాథపురం ‘యాగర్నాయిక్‌పూరం’ (Jaggernaikpoeram) అయింది. ఒక్కో ఊరికి ఐదారు స్పెల్లింగులు ఉండటం మామూలే. నోటుబుక్‌లో ఒక పేజీ దీనికే కేటాయించి, కొత్త స్పెల్లింగు కనిపించిన ప్రతిసారీ ఏ సంవత్సరపు కాగితంలో చూశారో దానితో సహా రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ పేజీయే మీ ఆస్తి అవుతుంది.

తేదీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1752 దాకా ఇంగ్లిష్‌వాళ్లు పాత క్యాలెండర్ వాడారు, కొత్త సంవత్సరాన్ని మార్చి 25న లెక్కపెట్టారు. డచ్చి కంపెనీ కొత్త క్యాలెండర్ వాడింది. 17వ శతాబ్దంలో రెంటికీ 10 రోజుల తేడా. ఒక ఓడ బందరుకు చేరిన సంగతి ఇంగ్లిష్ ఉత్తరంలో ఒక తేదీన, డచ్చి ఉత్తరంలో ఇంకో తేదీన కనిపిస్తే అవి రెండు ఓడలు అనుకోకండి. మొదట్లో నేను అలాగే అనుకుని లెక్కంతా రెట్టింపు చేసుకున్నాను. ఇంగ్లిష్ కాగితంలో జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలు కనిపిస్తే సంవత్సరాన్ని మరోసారి సరిచూసుకోవాలి. వాళ్ల 1639 ఫిబ్రవరి మన లెక్కలో 1640 ఫిబ్రవరి.

3. బట్టల పేర్లు, డబ్బు లెక్కలు నేర్చుకోండి

లెక్కల పుస్తకంలో ‘బట్ట’ అని ఉండదు, రకం పేరు ఉంటుంది. సాలెంపూరు, పెర్కాల్, మూరి, బెటీల్, రుమాలు, లాంగ్‌క్లాత్ అనే మాటలు పదే పదే వస్తాయి. లాంగ్‌క్లాత్ తాను 30 గజాలు దాటి ఉండేది, సాలెంపూరు దాదాపు అందులో సగం. డచ్చివాళ్లు లాంగ్‌క్లాత్‌ను ఏమని పిలిచారో చూడండి: ‘గినీస్ లైవాట్’, అంటే గినీ బట్ట. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. మన తీరంలో మగ్గం దిగిన తానుకు, ఆ నేతగాడు కలలో కూడా చూడని తీరం పేరు పడింది. నీలిమందులో ముంచిన నీలి సాలెంపూరుకూ, చారల, గళ్ల బట్టలకూ ఆఫ్రికాలో మంచి గిరాకీ. కరీబియన్ తోటల్లో బానిసలకు కట్టబెట్టిన బట్టల్లో కూడా సాలెంపూరు కనిపిస్తుంది.

ఎరుపు రంగు కోసం చిరివేరు వాడేవాళ్లు. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుకు పెద్ద పేరు. కాగితాల్లో అది ‘చాయ’ అని కనిపిస్తుంది, తాగే చాయ్ అనుకుని దాటేయకండి.

డబ్బు విషయానికొస్తే, ఇంగ్లిష్, డచ్చి కాగితాల్లో ‘పగోడా’ అంటే మన వరహా. డచ్చి గిల్డర్‌కు 20 స్టైవర్లు, ఒక్కో స్టైవర్‌కు 16 పెన్నింగులు. ఎక్సెల్‌లో ఎక్కించే ముందు అన్నిటినీ ఒకే నాణెంలోకి మార్చుకోండి. ఆ విలువను ఈ రోజు రూపాయల్లో చెప్పాలని మాత్రం ప్రయత్నించకండి, అది నిలబడే లెక్క కాదు.

4. కరువు, యుద్ధం, ఎగుమతి: మూడింటినీ పక్కపక్కన పెట్టండి

ఈ పనిలో గుండెకాయ ఇదే. తొందరపడకుండా చేయండి.

ఒక పెద్ద కాగితం మీద మూడు నిలువు గడులు గీసి, ఎడమ గడిలో వర్షాలు, పంటలు, మధ్య గడిలో యుద్ధాలు, కుడి గడిలో ఆ ఏడాది రేవు దాటిన మనుషుల లెక్క రాయండి. కోరమాండల్ మీద పరిశోధకులు ఇప్పటికే తేల్చిన కొన్ని లెక్కలు ఇస్తాను, వీటితో మొదలుపెట్టండి. 1618–20లో వానలు లేవు. 1622–23లో పులికాట్, దాని దక్షిణపు రేవుల నుంచి డచ్చివాళ్లు దాదాపు 1,900 మందిని తీసుకెళ్లారు. 1640ల నడుమ విజయనగరపు చివరి రాజుల మీద నాయక రాజుల తిరుగుబాట్లు, గోల్కొండ, బీజాపూర్ సేనల దండయాత్రలు, వాటి వెంటే కరువు. 1645–46లో 2,118 మంది బటావియాకు వెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది తీరపు దక్షిణ భాగం వాళ్లు. 1659–61లో బీజాపూర్ సేనలు తంజావూరు నేలను తొక్కేశాయి. ఆ రెండు మూడేళ్లలో 8,000 నుంచి 10,000 మంది రేవు దాటారు. ఎక్కువమంది సిలోన్‌కు, మిగిలినవాళ్లు బటావియాకు, మలక్కాకు.

మూడు గడులూ నింపి కాస్త దూరం నుంచి చూడండి. బానిసల లెక్క నున్నగా పెరిగే గీతలా ఉండదు. ఏళ్ల తరబడి అడుగున ఉండి, ఒక్కసారిగా కొండలా లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. లేచిన ప్రతిచోటా ఎడమ గడిలోనో మధ్య గడిలోనో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఆఫ్రికా నుంచి అమెరికాకు సాగిన వ్యాపారం ఏటేటా ఆగకుండా నడిచింది. మన తీరంలో అది ఆకలి కోసం కాచుకుని కూర్చుంది. గింజలు దొరకని ఏడు తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకున్నారు, పెద్దలు తమను తాము అమ్ముకున్నారు. కొనేవాడికి మనిషి వెల పడిపోయిన ఏడాది అంటే మంచి ఏడాది. కరువు కాలంలో బియ్యం ఓడ తెప్పించగలిగిన కంపెనీయే మనుషుల ఓడను కూడా సిద్ధం చేసుకుంది.

ఇంకో గడి కూడా గీసుకోండి: ఆ రేవు ఎవరి ఏలుబడిలో ఉంది? 1687 సెప్టెంబరు ఒక్క నెలలోనే మద్రాసు కోట నుంచి ఇంగ్లిష్‌వాళ్లు 665 మందిని ఎగుమతి చేశారు. అదే ఏడాది గోల్కొండ మొగలుల వశమైంది. 1688లో మద్రాసు కౌన్సిల్ బానిసల క్రయవిక్రయాలను నిషేధించింది. మనసు కరిగి కాదు, కొత్తగా వచ్చిన మొగలు ప్రభుత్వం దీన్ని సహించదని భయపడి. కాగితం మీద ‘నిషేధం’ అని కనిపిస్తే అది ఎవరి ఒత్తిడి మీద వచ్చిందో వెతకండి, ఎంతకాలం అమలైందో కూడా వెతకండి. 1694–96లో కోరమాండల్ నుంచి 3,859 మంది బానిసలు సిలోన్‌లో దిగారు, తీసుకెళ్లింది ప్రైవేటు వ్యాపారులు.

5. ఏ ప్రశ్నకు ఏ తలుపు తట్టాలి

ఇంటర్నెట్‌లో ఉచితంగా తెరుచుకునే నాలుగైదు తలుపులు ఉన్నాయి. దేని పని దానిదే.

పడమటి దారి ఎంచుకున్నవాళ్లు ‘స్లేవ్ వాయేజెస్’ డేటాబేస్‌తో మొదలుపెట్టాలి. అట్లాంటిక్ మీద నడిచిన 36,000 పైచిలుకు బానిస ఓడ ప్రయాణాలు అందులో ఉన్నాయి. హిందూ మహాసముద్రపు బానిస ఓడల కోసం అందులో వెతికి ‘మన దగ్గర బానిస వ్యాపారమే లేదు’ అని తేల్చేయకండి, దాన్ని కట్టింది అట్లాంటిక్ కోసం. ఆసియా వైపు లెక్కలను ఆమ్‌స్టర్‌డామ్‌లోని సామాజిక చరిత్ర సంస్థ ఒక ప్రాజెక్టుగా పోగు చేస్తోంది.

బట్ట ఎంచుకున్నవాళ్లకు ‘బూక్‌హౌడర్ జనరాల్’ (Boekhouder-Generaal) డేటాబేస్ బంగారు గని. బటావియాలోని ప్రధాన లెక్కల అధికారి 18వ శతాబ్దపు పద్దులివి. ఏ ఓడ, ఏ రేవు నుంచి ఏ రేవుకు, ఏ సరుకు, ఎంత, ఎన్ని గిల్డర్లు అన్నవి వరుసగా ఉంటాయి. ఒక రేవు పేరు పెట్టి వెతికితే బట్ట రకాలన్నీ కళ్ల ముందు పరుచుకుంటాయి. 17వ శతాబ్దానికి ఇది పనికిరాదు.

ఉత్తరాల కోసం ‘గ్లోబలైజ్’ (GLOBALISE) ప్రాజెక్టు చూడండి. హేగ్‌లోని నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న డచ్చి కంపెనీ కాగితాల్లో దాదాపు 50 లక్షల పేజీలను కంప్యూటరుతో చదివించి, వెతకడానికి వీలుగా పెడుతున్నారు. ‘స్లావెన్’ (slaven) అంటే బానిసలు, ‘స్లావిన్’ (slavin) అంటే బానిస స్త్రీ, ‘లైఫ్‌ఐగెనెన్’ (lijfeigenen) అంటే కూడా బానిసలే, ‘కొప్పెన్’ (koppen) అంటే తలలు. ఈ మాటల పక్కన మీ పట్టికలోని ఊరి స్పెల్లింగు పెట్టి వెతకండి. వచ్చిన పేజీని ఆన్‌లైన్ అనువాదంలో వేస్తే తాత్పర్యం అందుతుంది. కానీ కంప్యూటరు పాత చేతిరాతను తప్పుగా చదవడం తరచుగా జరిగేదే. అంకె ఏదైనా వాడుకునే ముందు పక్కనే ఉన్న అసలు పేజీ ఫొటోలో కళ్లతో చూసి సరిపోల్చుకోండి. ఇందులో రాజీ వద్దు.

ఇంగ్లిష్‌వాళ్ల వైపు మద్రాసు కోట డైరీలు, కన్సల్టేషన్ పుస్తకాలు (కౌన్సిల్ సమావేశాల రికార్డులు) అచ్చయి ఉన్నాయి, చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. వెనుక ఉన్న విషయసూచికలో ‘స్లేవ్స్’ అన్న మాట కింద పేజీ నంబర్లు చూసుకుంటూ పొండి. తెలుగు ఇంటిపేర్లు, దుబాసీల పేర్లు, దళారుల పేర్లు దారిలో ఎన్నో తగులుతాయి. కాసి వీరన్న, బేరి తిమ్మన్న లాంటి వ్యాపారులు మద్రాసు బట్టల వ్యాపారాన్ని నడిపించిన తీరు ఆ కాలపు ఇంగ్లిష్ కాగితాల నిండా ఉంటుంది.

6. ఒక్క వరుసను నిదానంగా చదవండి

స్లేవ్ వాయేజెస్‌లో ఏదో ఒక ప్రయాణాన్ని తెరవండి. ఓడ పేరు, జెండా, కెప్టెన్, బానిసలను కొన్న చోటు, దింపిన చోటు, ఎక్కించినవాళ్ల లెక్క, దింపినవాళ్ల లెక్క ఉంటాయి. చివరి రెండు అంకెలనూ నోటుబుక్‌లో రాసి, ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. మిగిలింది సముద్రంలో పోయిన మనుషులు. ఒక్క ఓడకు ఈ లెక్క చేతితో చేశాక పెద్ద అంకెల దగ్గరకు వెళ్లండి. మొత్తం అట్లాంటిక్ వ్యాపారంలో దాదాపు 1 కోటి 25 లక్షల మందిని ఓడ ఎక్కించారు, 1 కోటి 7 లక్షల మంది బతికి దిగారు అని అంచనా. తేడా 18 లక్షలు. నూటికి పద్నాలుగు మందికి పైనే. చేతితో ఒక ఓడ లెక్క చేసినవాళ్లకు ఈ అంకె వేరే బరువుతో తగులుతుంది, క్లాసులో పిల్లలతో చేయించి చూడండి.

ఒక జాగ్రత్త. కొన్ని అంకెలు అసలు కాగితంలో ఉన్నవి. కొన్ని పరిశోధకులు ఓడ సైజును, ఆ కాలపు సగటును బట్టి వేసినవి, వాటి పక్కన ‘ఇంప్యూటెడ్’ అని ఉంటుంది. మీరు రాసుకునేటప్పుడు రెంటికీ రెండు రంగుల పెన్నులు వాడండి.

ఇక ఈ ఓడకూ మన బట్టకూ సంబంధం ఎక్కడ? ఓడ ఇంగ్లండు నుంచి బయల్దేరేటప్పుడు ఏ సరుకు ఎక్కించారో ఈ డేటాబేస్ చెప్పదు. దానికి రాయల్ ఆఫ్రికన్ కంపెనీ లాంటి సంస్థల సరుకు జాబితాలు చూడాలి. 1672లో చార్టర్ పొందిన ఈ కంపెనీ ఇండియా బట్టలను లండన్‌లో కొని ఆఫ్రికాకు పంపింది. లండన్‌లో తానుల కట్ట విప్పి, కలిపి, మళ్లీ కట్టేవాళ్లు కాబట్టి ‘బందరు తాను ఫలానా ఓడలో వెళ్లింది’ అని నిరూపించడం దాదాపు అసాధ్యం. రకం దాకా, తీరం దాకా చెప్పగలం. అంతవరకే చెప్పండి.

7. ఒక మనిషిని వెతకండి

అంకెల్లో ఎంతకాలం తిరిగినా చివరికి ఒక పేరు దగ్గర ఆగాలి. నేను ఆగిన పేరు కేథరీనా వాన్ పాలియాకట్టా. పులికాట్ కేథరీనా అని.

ఆమె బటావియాలో బానిస. మలబారు క్లాస్ అనే ఇంకో బానిసతో జరిగిన గొడవలో అతను చనిపోయాడు. 1656లో కోర్టు ఆమెకు మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని జీవితాంతం కేప్‌కు వెళ్లగొట్టే శిక్షగా మార్చింది. 1657లో ఆమె కేప్‌లో దిగింది. డచ్చివాళ్లు అక్కడ స్థావరం పెట్టి అప్పటికి ఐదేళ్లే. తర్వాత ఆమెకు క్షమాభిక్ష దొరికింది, పెళ్లయింది. ఆమె కొడుకు క్రిస్టఫెల్ స్నైమన్ నుంచి సాగిన స్నైమన్ వంశం ఈనాడు దక్షిణాఫ్రికాలో పెద్దది. ఆ ఇంటిపేరు వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల వంశవృక్షం తొలి మెట్టు మీద పులికాట్ పేరు ఉంది.

ఇప్పుడు ఈ పేరును ఎలా చదవాలో చూడండి. ‘కేథరీనా’ యజమానులో చర్చో పెట్టిన పేరు. ఇంట్లో అమ్మ పిలిచిన పేరు ఏ కాగితంలోనూ లేదు. ‘వాన్ పాలియాకట్టా’ అంటే పులికాట్ నుంచి అని. ఆమె పుట్టిన ఊరు అదే కావచ్చు, లేదా ఆమెను ఓడ ఎక్కించిన రేవు అది కావచ్చు. లోపలి పల్లెల నుంచి, ఒక్కోసారి అరకాన్ (ఇప్పటి మయన్మార్‌లోది) లాంటి దూర తీరాల నుంచి తెచ్చిన వాళ్లకు కూడా రేవు పేరే అంటుకునేది. పులికాట్ చుట్టుపక్కల తెలుగూ తమిళమూ రెండూ వినిపించేవి. కాబట్టి ‘ఆఫ్రికాలో తొలి తెలుగు మహిళ’ అంటూ వాట్సాప్‌లో పెట్టేయకండి. మనది అని చెప్పుకోవాలన్న ఆశ నాకూ ఉంది. ఆధారం అంతదూరం తీసుకెళ్లదు.

కేప్ మంచి చోటు ఎందుకంటే అక్కడి వీలునామాలు, ఆస్తి జాబితాలు, వేలం జాబితాలు చాలావరకు టైపు చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. 1652 నుంచి 1808 దాకా కేప్‌కు దాదాపు 63,000 మంది బానిసలను తెచ్చారని, వాళ్లలో నాలుగో వంతు ఇండియా, సిలోన్ వైపు వాళ్లని అంచనా. ‘వాన్ కోరమాండల్’ (van Coromandel), ‘వాన్ డె కుస్ట్’ (van de Kust, తీరం నుంచి), ‘వాన్ బెంగాలెన్’ (van Bengalen), ‘వాన్ మలబార్’ (van Malabar) అని వెతకండి. ఒక ఇంటి ఆస్తి జాబితా తెరిస్తే గదుల వారీగా మంచాలు, కుర్చీలు, రాగి గిన్నెలు, ఆ తర్వాత మనుషులు. పేరు, ఏ చోటు నుంచి, ఒక్కోసారి వయసు, వెల. దాన్ని చదివేటప్పుడు ఆ వరుస చెడగొట్టకుండా నోటుబుక్‌లోకి ఎక్కించుకోండి. గిన్నె తర్వాత మనిషి రావడం కూడా ఆ కాగితం చెబుతున్న సంగతే.

8. కలిపేయకూడని మాటలు

బానిసత్వం, వెట్టి, గిరిమిటి కూలీ అనే మూడింటినీ ఒకే గాటన కట్టడం మనవాళ్లలో చాలా కనిపిస్తుంది. అమ్మి కొన్న మనిషి బానిస. ఉన్న ఊళ్లోనే దొరకో భూస్వామికో ఉచితంగా చాకిరీ చేయాల్సి రావడం వెట్టి. ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని మారిషస్, ఫిజీ, నేటాల్‌కు తీసుకెళ్లినవాళ్లు గిరిమిటి కూలీలు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, 1834 నుంచి పెద్ద ఎత్తున సాగిన పద్ధతి అది. మీ కుటుంబంలో ‘మా ముత్తాత మారిషస్ వెళ్లాడు’ అన్న మాట ఉంటే అది దాదాపుగా ఈ మూడో రకమే. అతని కాగితాలు వేరే ఆర్కైవ్స్‌లో, వేరే పద్ధతిలో ఉంటాయి. ఇండియాలో బానిసత్వానికి చట్టబద్ధత తీసేసింది 1843 నాటి చట్టం.

ఇంకో మాట. ‘తనను తాను అమ్ముకుంది’ అని కాగితంలో ఉంటే అది కొన్నవాడు రాయించిన వాక్యం. దాన్ని నోటుబుక్‌లో కొటేషన్ గుర్తుల మధ్య రాసి, పక్కన ఆ ఏడు బియ్యం ధర ఎంతుందో వెతికి రాయండి.

9. తీరానికి వెళ్లి చూడండి

బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి, రాతి పలకల మీద వాళ్ల వంశ చిహ్నాలతో. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన ఊరిని ఊడ్చేసింది, దాదాపు 30,000 మంది చనిపోయారు. పాత బందరు మనకు అంత తక్కువగా మిగలడానికి అదీ ఒక కారణం. పులికాట్‌లో పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న డచ్చి శ్మశానం ఉంది. దాని గేటుకు రెండు పక్కలా చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. గెల్డ్రియా కోట ఇప్పుడు పొదలు కప్పిన దిబ్బ. భీమిలిలో కూడా డచ్చి సమాధులు ఉన్నాయి.

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, వాలు వెలుతురులో అక్షరాలు బాగా కనిపిస్తాయి. సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోసి తోమడం వద్దు, రాయి పాడవుతుంది. ప్రతి పలకనూ ఫొటో తీసి, పేరు, సంవత్సరం, హోదా రాసుకుని, ఆ పేర్లను గ్లోబలైజ్‌లో వెతకండి. ఫలానా పెద్దదొర ఏ ఏడాది ఏ రేవులో ఉన్నాడో, అతని సంతకంతో ఏ సరుకు వెళ్లిందో బయటపడుతుంది. అదే రేవు నుంచి వెళ్లిన బానిసలకు అక్కడ ఒక్క రాయి కూడా లేదు. అతని సంతకం పట్టుకునే వాళ్ల దగ్గరకు వెళ్లాలి.

చీరాల వైపు వెళ్తే పాత నేతగాళ్లను ‘మద్రాసు రుమాలు’ గురించి అడగండి. ఆఫ్రికా కోసం నేసిన గళ్ల బట్ట అది, 20వ శతాబ్దంలో కూడా ఆ వైపు మగ్గాల మీద నడిచింది. నైజీరియాలోని కలబారి జనం ఆ రకం బట్టను ‘ఇంజిరి’ అంటారు. పుట్టినప్పుడు, చనిపోయినప్పుడు జరిపే తంతుల్లో దానికి గౌరవమైన చోటు ఉంది. బానిస వ్యాపారం పోయాక కూడా బట్ట దారి మిగిలింది. దాని గురించి చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే రికార్డు చేసుకోండి, వాళ్ల అనుమతి తీసుకుని.

చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు పాత కాగితాలు, డచ్చి రికార్డులు ఉన్నాయి. కాలేజీ నుంచో యూనివర్సిటీ నుంచో పరిచయ లేఖ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. మొదటి రోజు అనుమతికీ కేటలాగుకే సరిపోతుంది, కాబట్టి కనీసం మూడు రోజులు చేతిలో పెట్టుకోండి. పెన్ను బదులు పెన్సిల్ తీసుకెళ్లండి.

10. రాసేటప్పుడు

మీకు దొరికిన ఒక్క తానుతో గానీ ఒక్క పేరుతో గానీ మొదలుపెట్టండి. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితంలోదో, ఏ పేజీదో ఉండాలి. మనవాళ్ల పాత్ర వచ్చినచోట దాటేయకండి. పల్లెల్లో మనుషులను పోగు చేసిన దళారులు ఉన్నారు, రేవుల్లో సుంకం తీసుకున్న పాలకులు ఉన్నారు. బట్టకు బయానా ఇచ్చిన వ్యాపారులు వేరే వరుస, బానిసలను అమ్మినట్టు కాగితంలో కనిపించకపోతే వాళ్లను ఆ జాబితాలో వేయకండి.

పేరు తెలియని మనిషి గురించి రాయాల్సి వస్తే కాగితంలో ఉన్నంతా రాయండి: ‘పన్నెండేళ్ల పిల్ల, తీరం నుంచి’ అని ఉంటే అలాగే. ఆ పిల్లకు మీరు పేరు పెట్టకండి. గుమాస్తా ‘స్టుక్’ అని రాసినచోట మీరు తెలుగులో ‘మనిషి’ అని రాయండి, అసలు మాట ఏమిటో పక్కనే చెప్పండి.